విత్తనాల బస్తా

ఒక మండల కేంద్రంలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు ఒకడుండేవాడు. చెయ్యి చురుకైనది, ఓపిక తక్కువ. ఎవరి సిస్టమ్ మొరాయించినా అతని దగ్గర మందు ఒకటే: ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించడం.

ఒకరోజు 12 కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి ఒక రైతు కబురు పెట్టాడు. కూతురు డిగ్రీ చదువుకు వాడుకునే ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే పావుగంట పడుతోంది. కుర్రాడు బండి వేసుకుని వెళ్లేసరికి వాకిట్లో వడ్ల తూకం జరుగుతోంది. లారీ సిద్ధంగా ఉంది.

కుర్రాడు అమ్మాయి ఫొటోలు, నోట్సు పెన్‌డ్రైవ్‌లో దాచాడు. మిగిలినదంతా చెత్తే అనుకుని డిస్కు మొత్తం తుడిచేశాడు. మధ్యాహ్నానికల్లా విండోస్ 10 ఎక్కింది. తెర అద్దంలా మెరిసింది. వైఫై గుర్తు మాత్రం లేదు.

ఆ ఇంట్లో ఇంటర్నెట్ అంటే ఫోను హాట్‌స్పాటే. ఆ పల్చటి ల్యాప్‌టాప్‌కు ల్యాన్ కేబుల్ పెట్టే చోటు కూడా లేదు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కంట్రోలర్ పక్కన పసుపు రంగు గుర్తు వెలుగుతోంది. డ్రైవర్ వెతకమంటే, ముందు నెట్‌కు కలపమంది. డ్రైవర్ ఉంటే గానీ నెట్ రాదు, నెట్ ఉంటే గానీ డ్రైవర్ రాదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్నట్టయింది.

దుకాణంలో డ్రైవర్లు దాచిన హార్డ్‌డిస్క్ గుర్తొచ్చి, కుర్రాడు ఎండలో వెనక్కి వెళ్లాడు. ఆ మోడల్ పేరుతో ఉన్న డ్రైవర్ వెతికి పట్టుకొచ్చాడు. అది పని చెయ్యలేదు. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లలోనూ కొన్నింటికి ఇంటెల్, కొన్నింటికి రియల్‌టెక్ వైఫై చిప్పులు వేస్తారు. ఇందులో ఏ చిప్పు ఉందో ఫార్మాట్‌కు ముందు అతను చూసుకోలేదు.

సాయంత్రమైంది. అమ్మాయి ఫోనులో ఛార్జింగ్ అయిపోవస్తే, కేబుల్ తెచ్చి ల్యాప్‌టాప్‌కే తగిలించింది. ఫోను తెర మీద కనబడిన యూఎస్‌బీ టెథరింగ్‌ను ఊరికే నొక్కి చూసింది. ల్యాప్‌టాప్ ఆ ఫోనునే నెట్‌వర్క్ కార్డుగా గుర్తించింది. గాలిలో రానిది తీగలో వచ్చింది. కాసేపటికి విండోస్ తనకు కావలసిన డ్రైవర్‌ను తానే దింపుకుంది.

అమ్మాయి సంబరపడింది. కుర్రాడి ముఖం మాత్రం వాడిపోయింది. రాను పోను 24 కిలోమీటర్లు తిరిగి అతను వెతికిన ఫైలు పొద్దున ఆ డిస్కులోనే ఉంది. చెత్త అనుకుని తుడిచేసింది తానే.

బయటికి వచ్చేసరికి లారీ వెళ్లిపోయింది. వాకిలి ఊడ్చేశారు. వసారా మూలన ఒకే ఒక బస్తా ఉంది, మూతి గట్టిగా కట్టి. వచ్చే పంటకు విత్తనాల కోసం, తూకం మొదలుకాక ముందే రైతు దాన్ని పక్కన పెట్టించాడు. కుర్రాడు ఆ బస్తా వంక చాలాసేపు చూసి, బండి ఎక్కాడు.

ఆ తర్వాత అతను ఏ సిస్టమ్‌నూ నేరుగా తుడవలేదు. ముందు వైఫై చిప్పు పేరు కాగితం మీద రాసుకునేవాడు. విండోస్‌లోనే ఉన్న పీఎన్‌పీయుటిల్ కమాండ్‌తో, విడిగా ఎక్కించిన డ్రైవర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునేవాడు. ఆ తర్వాతే ఫార్మాట్ కొట్టేవాడు.

నీతి: పాతదంతా పనికిరానిదని ఊడ్చేసే తొందరలో, కొత్తది కాలూనడానికి కావలసింది కూడా పారేస్తుంటాం. ఇల్లు మారినా, ఉద్యోగం మారినా, పద్ధతి మార్చినా ముందు విత్తనాల బస్తా ఏదో చూసి పక్కన పెట్టుకోండి. తూకం తర్వాతైనా వేయవచ్చు.