త్వరగా చేరుట, దగ్గరగా చేరుట

గత వేసవిలో మా సంఘమునకు చెందిన యువకుడొకడు సెలవు మీద ఇంటికి వచ్చి, ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత నాయొద్ద నిలిచెను. అతడు పట్టణములో ఒక పెద్ద వ్యాపార సంస్థలో లెక్కలు వ్రాయు ఉద్యోగము చేయుచున్నాడు. "అయ్యగారూ, మా యజమాని సొంత విమానంలో తిరుగుతారండి. పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. రాత్రికి ఇంట్లో ఉంటారు. ఆ ఖర్చు కాగితాలు నా చేతి మీదుగానే పోతాయి. ఒక్కరోజు ఖర్చు చూస్తే మా నాన్న ఏడాది సంపాదన గుర్తొస్తుంది. ఇది పాపమేనా అండీ?" అని అడిగెను.

నేను వెంటనే "పాపమే" అని చెప్పియున్నయెడల అతడు తృప్తిపడి వెళ్లియుండును. ప్రక్కన నిలిచి వినుచున్నవారును తలలూపియుందురు. మనము ఎన్నడును ఎక్కని వాహనమును నిందించుట మనకు దమ్మిడీ ఖర్చు లేని నీతి. అందుచేత "కొంచెం వ్యవధి ఇవ్వు బాబూ, ఆలోచించి చెబుతాను" అంటిని. ప్రియ చదువరులారా, ఆ ఆలోచననే నేడు మీ యెదుట ఉంచుచున్నాను.

మొదట అట్టి విమానములు గలవారి పక్షమున చెప్పదగిన మాటను న్యాయముగా చెప్పవలెను. అమెరికా దేశములో ప్రజల ఉపయోగమునకు తెరచియున్న విమానాశ్రయములు సుమారు 5,000 కలవు. టిక్కెట్టు కొని ఎక్కు సాధారణ విమానములు వాటిలో సుమారు 500 చోట్లకు మాత్రమే పోవును. కర్మాగారము చిన్న ఊరిలో ఉన్నయెడల, దానిని చూడవలసినవాడు మొదట ఒక మహానగరమునకు పోయి, అక్కడ గంటలకొలది కాచుకొని, మరియొక విమానమెక్కి, దిగి, కారులో పోవలెను. మూడు ఊళ్లు చూచుటకు మూడు దినములు పట్టును. సొంత విమానము గలవాడు అయిదారుగురు పనివారిని వెంటబెట్టుకొని ఒక్క దినములో మూడూళ్లును చూచి రాగలడు. వేలమంది జీతములు ఎవని నిర్ణయముల మీద ఆధారపడియున్నవో వాని సమయమునకు విలువ లేదని ఎవరనగలరు?

దీనికి మంచి ఉదాహరణము కలదు. 1962లో మొదటి వాల్‌మార్ట్ దుకాణము తెరచిన శామ్ వాల్టన్ అను వర్తకుడు, అంతకు ముందే 1950ల దశాబ్దములో 1,850 డాలర్లిచ్చి రెండు సీట్ల పాత విమానమొకటి కొనెను. ఆయన దుకాణములు ఆర్కన్సా రాష్ట్రములోను, దాని చుట్టుప్రక్కలను దూరదూరముగా చిన్న ఊళ్లలో ఉండెను. ఆయన విమానమును తానే నడుపుకొనుచు, ఊరి మీద తక్కువ ఎత్తున తిరిగి, బండ్లు ఏ దారిని పోవుచున్నవో, ఇండ్లు ఏ వైపున పెరుగుచున్నవో చూచి దుకాణమునకు స్థలము ఎంచుకొనెడివాడు. దిగి దుకాణములోనికి పోయి గుమాస్తాలతో ముచ్చటించెడివాడు. గొప్ప ధనవంతుడైన తరువాతను పాత ట్రక్కులోనే తిరిగెను. ఆయన సంస్థ ఇచ్చిన జీతములను గూర్చి విమర్శలు కలవు. అది వేరు సంగతి. ఆ చిన్న విమానము మాత్రము ఆయనను మనుష్యుల యొద్దకు చేర్చెనని ఒప్పుకొనవలెను.

కాబట్టి త్వరగా పోవుట పాపము కాదు. అయితే "సమయము లేదు" అను మాట ఒక తెర వంటిది. దాని వెనుక నిజముగా పని యుండవచ్చును. ఘనత కొరకైన ఆశయు కూర్చుండవచ్చును. ఆ తెరను ఎత్తి చూడవలెను.

2008వ సంవత్సరము నవంబరు నెలలో ఆ తెర అందరి యెదుట ఎత్తబడెను. ఆ యేడు అమెరికాలో వ్యాపారములు కుప్పకూలుచుండగా, జనరల్ మోటార్స్, ఫోర్డు, క్రైస్లర్ అను మూడు మోటారు సంస్థల అధిపతులు 2,500 కోట్ల డాలర్ల ప్రభుత్వ సహాయము కోరుటకు డెట్రాయిట్ ప్రాంతము నుండి వాషింగ్టన్ నగరమునకు వచ్చిరి. ముగ్గురును ముగ్గురే, వేరువేరు సొంత విమానములలో వచ్చిరి. విచారణ సభలో ఒక సభ్యుడు, మీలో సాధారణ విమానములో వచ్చినవారు చెయ్యెత్తుడని అడుగగా ఒక్క చెయ్యియు లేవలేదు. ఇప్పుడు ఆ విమానమును అమ్మివేసి సాధారణ విమానములో తిరిగి వెళ్లువారెవరని అడుగగా అప్పుడును ఏ చెయ్యియు లేవలేదు. డిసెంబరు నెలలో వారు మరల వచ్చునప్పుడు, తమ సంస్థలు చేసిన కారులలో 800 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద ప్రయాణము చేసి వచ్చిరి.

నేను ఆ ముగ్గురిని పరిహసించుటకు దీనిని చెప్పలేదు. ఒక్క ప్రశ్న అడుగుటకు చెప్పితిని. నవంబరులో లేని సమయము డిసెంబరులో ఎక్కడనుండి వచ్చెను? సమయమే నిజమైన కారణమైయున్న యెడల, ఆ సభలోనే ఒకరు లేచి, "అయ్యా, ఈ ప్రయాణము వలన ఈ పని జరిగెను; ఆ పని లేనియెడల ఇంతమందికి నష్టము కలిగియుండును" అని నిర్భయముగా చెప్పియుందురు. ఖర్చు భరించువాని ముఖము చూచి చెప్పలేని కారణము కారణము కాదు.

ఇట్టి అలవాటు మనుష్యుని ఎట్లు పట్టుకొనునో ఒక ధనవంతుడు తానే ఒప్పుకొనెను. ఒమాహా పట్టణములోని వారెన్ బఫెట్ అను ప్రసిద్ధ వ్యాపారి సంస్థల సొంత విమానములను ఎగతాళి చేసినవాడు. అట్టివాడు తన సంస్థ కొరకు విమానము కొని, 1989లో దానిని అమ్మి 67 లక్షల డాలర్లకు మరియొక పాత విమానము తీసికొనెను. తన మాటలు తనకే జ్ఞాపకమునకు రాగా, దానికి "సమర్థింపరానిది" అను అర్థము గల పేరు పెట్టెను. కొన్ని సంవత్సరములైన తరువాత ఆ పేరును మార్చి "విడువరానిది" అను అర్థము గల పేరు పెట్టెను. 1998లో విమానములను వాటాలుగా అమ్ము సంస్థనే ఆయన సంస్థ కొనివేసెను. ఆయన దీనిని నవ్వుచు చెప్పెను గాని, నాకు నవ్వు రాలేదు. సమర్థింపరానిది విడువరానిదిగా మారుటకు నడుమ జరిగినదెల్ల అలవాటే. మన గ్రామములో త్రాగుబోతు నడిగినను ఇదే వరుస చెప్పును.

ఖర్చు భరించువారు ఆ సంస్థలోనివారే కారు. 2024లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, 2019 నుండి 2023 వరకు ఇట్టి సొంత విమానముల వలన వెలువడు బొగ్గుపులుసు వాయువు 46 శాతము పెరిగెను. ఆ ప్రయాణములలో దాదాపు సగము 500 కిలోమీటర్లకు లోపలివే. మన బిడ్డలు రాత్రి బస్సులోనో రైలులోనో పోవు దూరమది. ఆ వాయువు వలన పెరుగు ఎండవేడిమి, గతి తప్పిన వానలు విమానమెక్కినవాని పొలమెక్కడ, ఎక్కనివాని పొలమెక్కడ అని విచారింపవు. పైగా నేడు టెలిఫోనులోనే ఒకరి ముఖమొకరు చూచుచు నాలుగూళ్లవారు కూడి మాటలాడుకొను సదుపాయము కలదు.

ఇక వాక్యము వైపు చూతము. అనేక పట్టణములు తిరిగిన ప్రయాణికుడు అపొస్తలుడైన పౌలు. అపొస్తలుల కార్యములు ఇరువదవ అధ్యాయములో ఆయన పెంతెకొస్తునాటికి యెరూషలేము చేరవలెనని తొందరపడుచుండెను. కాలము పోకుండునట్లు ఎఫెసులో ఆగక దాటిపోవ నిశ్చయించెను. చూచితిరా, సమయము ఆయనకును విలువైనదే. అయినను ఎఫెసు పెద్దలను విడిచిపెట్టలేదు. మిలేతునకు వారిని పిలిపించి, వారితో మోకాళ్లూని ప్రార్థించెను. వారు ఆయన మెడమీద పడి ఏడ్చిరి. ఆ ప్రయాణములోనే, తోటివారు త్రోయ నుండి అస్సునకు ఓడలో పోగా ఆయన మాత్రము కాలినడకను పోయెను. తొందరలో ఉన్నవాడే ఆ మార్గమును నడిచెను. వేగము ఆయనకు దాసుడు. ఆయన వేగమునకు దాసుడు కాడు.

అదే గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో ఐతియొపీయుల రాణి కందాకే క్రింద మంత్రియైనవాడు రథమెక్కి పోవుచుండెను. లేఖనము ఆ రథమును నిందింపలేదు. ఏలయనగా ఆ మంత్రి, పరుగెత్తి దగ్గరకు వచ్చిన ఫిలిప్పును ఎక్కి తనతో కూర్చుండుమని బ్రతిమాలెను.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. చెప్పకున్న ఇంతవరకు వ్రాసినది వ్యర్థము. పది సంవత్సరముల క్రిందట నాలుగు ఊళ్ల సంఘములు నా కాపుదలలో ఉండెను. బస్సులలో, ఆటోలలో తిరుగుటకు దినమంతయు పట్టుచుండెను. మోకాలి నొప్పియు ఉండెను. సంఘపు నిధిలోనుండి ప్రతి ఆదివారము అద్దె కారు తీసికొనసాగితిని. నాలుగు ఆరాధనలు ముగించుకొని పొద్దుగుంకకముందే ఇల్లు చేరుచుంటిని. ఆరు నెలలైన తరువాత మూడవ ఊరిలో ఒక విధవరాలు, "అయ్యగారూ, మీరు ఇప్పుడు తొందరగా వస్తున్నారు, తొందరగా పోతున్నారు. ఇదివరకు బస్సు కోసం చింతచెట్టు కింద కూర్చునేవారు. అప్పుడే మా సంగతులు మీతో చెప్పుకునేవాళ్లం" అనెను. ఆమె మనుమరాలు బడి మాని కూలికి పోవుచు మూడు నెలలాయెనట. ప్రతి ఆదివారము ఆ వాకిలి ముందే కారు దిగుచున్న నేను ఎరుగను.

ఆ రాత్రి రెండు సంగతులు నన్ను నిద్రపోనియ్యలేదు. మిగిలిన గంటలను ఏమి చేసితిని? ఇంటిలో పండుకొంటిని. కారు అద్దె ఎక్కడనుండి వచ్చెను? ఆ విధవరాలు వండకముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యము నుండి వచ్చెను. లెక్కల పుస్తకములో మాత్రము "ప్రయాణ ఖర్చులు" అని ఒక్క వరుసయే యుండెను. మరుసటి ఆదివారము సంఘము యెదుట దీనిని ఒప్పుకొంటిని. పెద్దలతో కూడి, వర్షకాలమునకును రోగులను చూచుటకును కారు ఉంచుకొని, మిగిలిన దినములలో బస్సునే ఎక్కుచున్నాను. ఆ బాలిక మరల బడికి పోయెను గాని, పోగొట్టుకొనిన సంవత్సరమును నేను ఇయ్యలేకపోతిని.

ఆ యువకుడు సెలవు ముగిసి వెళ్లుటకు ముందు నాయొద్దకు వచ్చెను. అతనితో ఇట్లు చెప్పితిని: "బాబూ, విమానం పాపం కాదు. వేరే దారి ఉండి కూడా గొప్ప కోసం ఎక్కితే పాపం. ఖర్చు మోసేవాళ్లకు చెప్పలేక దాస్తే పాపం. మనుషుల దగ్గరికి వెళ్లడానికి ఎక్కి, మనుషులకే దూరమైతే నష్టం. మీ యజమాని ఏ కోవలోవాడో ఆయనకూ దేవునికీ తెలుసు. నువ్వు ఆయనకు తీర్పు తీర్చవద్దు, అసూయా పడవద్దు. కానీ ఆయన విహారాన్ని వ్యాపారమని వ్రాయమన్న రోజున ఆ వరుస నీ చేతితో వ్రాయవద్దు. అది మాత్రం నీ లెక్క."

అతడు కొంతసేపు ఊరకుండి, "అట్లాంటి వరుసలు కొన్ని ఇప్పటికే వ్రాశానండీ" అనెను. మేమిద్దరము అక్కడనే మోకాళ్లూనితిమి.

చదువరీ, నీకు విమానము లేకపోవచ్చును. మోటారు సైకిలు ఉండవచ్చును, పదవి ఉండవచ్చును, "తీరిక లేదు" అను మాట తప్పక ఉండును. ఈ వారము ఎవరి వాకిలి దాటి త్వరగా పోవుచున్నావో ఒక్కసారి ఆగి చూడుము. మనలను వెదకుచు ఇంత దూరము దిగివచ్చిన ప్రభువు గాడిద పిల్లనెక్కి, జనుల నడుమ మెల్లగా పట్టణములో ప్రవేశించెను. ఆయన అడుగుజాడలలో నడచుటకు కృప మనకందరికిని తోడైయుండును గాక. ఆమేన్.