పరదేశపు వాకిట రోగి

వాక్యభాగము: 2 రాజులు 5:1-27, లూకా 4:24-29



వైద్యము నిమిత్తము స్వదేశము విడిచి పరదేశమునకు ప్రయాణమై పోయిన రోగి ఒకడు బైబిలు గ్రంథములో కనబడుచున్నాడు. అతడు సిరియా సైన్యాధిపతియైన నయమాను. ఈ చరిత్రను మనమందరము ఆదివారపు బడిలోనే నేర్చుకొంటిమి. సాధారణముగా దీనిని విధేయతను గూర్చి బోధింతుము. అది తగినదే. అయితే ఈ మాసమున దీనిని ఎలీషా ఇంటి వాకిట నిలిచిన ఆ రోగి పక్షమున నిలిచి చదువవలెనని కోరుచున్నాము. ఏలయనగా అట్టి రోగులు నేడు మన వాకిటనే యున్నారు.

2005వ సంవత్సరమున బస్తరు ప్రాంతములో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట, ఆ దళములకును మావోయిస్టులకును నడుమ నలిగిపోయిన మురియా జనులు వేలాదిగా అడవి దాటి అప్పటి ఖమ్మము జిల్లాలోనికి వచ్చిరి. గిరిజన యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలుపుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కాని వచ్చినవారిలో అనేకులు తిరిగి పోలేదు. చర్ల, దుమ్ముగూడెము మండలముల అడవులలోను, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన చింతూరు వైపునను గుడిసెలు వేసికొని నిలిచిరి. మన వైపువారు వారిని గుత్తికోయలని పిలుచుచున్నారు. చత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగగా ఎంచబడువారు, సరిహద్దు దాటి మన వైపునకు వచ్చినతోడనే ఆ గుర్తింపు లేనివారైరి. వారును భారతదేశపు పౌరులే. అయినను మాట తెలియక, చేత కాగితము లేక, ఆసుపత్రి చీటీల కిటికీయొద్ద నిలిచినప్పుడు వారు నిజముగా పరదేశులే. వీరుగాక కోంట, సుకుమా వైపునుండియు రోగులు భద్రాచలము ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి వచ్చుచునే యున్నారు. అట్టివారిని మనస్సునందుంచుకొని వాక్యమును చూతము.

మొదటిది, చిన్నదాని మాట.

నయమాను స్వస్థతకు ఆరంభము రాజు వ్రాసిన తాకీదు కాదు, వెండి బంగారములు కావు. అతని ఇంట దాసిగానున్న ఒక ఇశ్రాయేలీయుల చిన్నది పలికిన ఒక్క మాట. ఆ చిన్నదియు పరదేశియే. దండు వచ్చి చెరపట్టి తెచ్చిన బిడ్డ. తన్ను తెచ్చినవారి యజమానుని రోగము చూచి సంతోషించుటకు ఆమెకు కారణము లేకపోలేదు. అయితే ఆమె దుఃఖపడెను; ఎక్కడికి పోయిన మేలు కలుగునో చెప్పెను. పరదేశి బాధ పరదేశికి తెలియును. నిర్గమకాండము 23:9లో దేవుడు ఇశ్రాయేలీయులకు జ్ఞాపకము చేసినది ఇదియే: ఐగుప్తులో పరదేశులై యుండినవారు గనుక పరదేశి మనస్సు ఎట్టిదో వారెరుగుదురు, కావున అతని బాధింపకూడదు.

మన కుటుంబములలో గల్ఫు దేశములకు పోయిన బిడ్డలున్నారు. అమెరికాలో, ఇంగ్లండులో నున్నవారును కలరు. అక్కడ వారికి జబ్బుచేసిన రాత్రి, ఇక్కడ తల్లికి నిద్రయుండదు. మంచి ఆసుపత్రియే కావచ్చును; మందులకు కొదువ లేకపోవచ్చును. అయినను “నాకు ఇక్కడ పోటు పెట్టుచున్నది, ఇక్కడ మంటగా నున్నది” అని తెలుగులో చెప్పినట్లు మరియొక భాషలో చెప్పగలమా? గల్ఫు ఆసుపత్రులలో కేరళనుండి వచ్చిన నర్సులు అనేకులు సేవచేయుచున్నారు. తానును ఇల్లు విడిచి వచ్చిన స్త్రీ ఒకతె మంచము ప్రక్కన నిలిచి, ఏ ఊరివాడవని అడిగిన, ఆ మాట రోగికి సగము మందు. మన బిడ్డలకు అక్కడ అట్టివారు దొరకవలెనని ప్రార్థించు మనము, ఇక్కడ ఎవరికి అట్టివారమై యున్నాము?

కోయభాషలో నీళ్లను “ఏర్” అందురు. మన తెలుగు చెవికి అది ఏరు, అనగా వాగు. దాహముతో ఒకడు “ఏర్, ఏర్” అని పలవరించిన, తెలియనివాడు తన ఊరి వాగును తలంచుకొనుచున్నాడని పోవును. చెంబెడు నీళ్లకు అడ్డమువచ్చినది ఒక్క అక్షరము! మా ప్రాంతపు సంఘములలో ఇంట కోయ మాటలాడు విశ్వాసులు కలరు. 19వ శతాబ్దములోనే లూకా సువార్త కోయభాషలో అచ్చుపడెను. లూకా ప్రియమైన వైద్యుడని కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో చదువుచున్నాము. వైద్యుడు వ్రాసిన సువార్తను తమ భాషలో పొందినవారు, ఆ భాషలో మూలుగుచున్న రోగియొద్దకు పోకుందురా? ఆ చిన్నదానికి చదువు లేదు, అధికారము లేదు. మాట మాత్రమే యుండెను. దానినే ఆమె ఇచ్చెను.

రెండవది, రోగి కోపము.

నయమాను రథములతో ఎలీషా ఇంటికి వచ్చెను. ప్రవక్త బయటికి రాలేదు. దూతచేత వర్తమానము మాత్రము వచ్చెను: యొర్దానులో ఏడు మారులు స్నానము చేయవలెను. నయమాను అలిగెను. ప్రవక్త వచ్చి, నిలిచి, తన దేవుని పేరు పలికి, రోగమున్న చోట చేయి ఆడించునని అతడు తలంచియుండెను. తన దమస్కులో మంచి నదులు లేవా అని తిరిగి పోసాగెను.

ఇది గర్వమేనని మనము తొందరపడి తీర్పు తీర్చెదము. గర్వము లేకపోలేదు. అయినను దానిలో భయమును కలదు. తన దేశములో వైద్యము ఏ రీతిగా జరుగునో అతడెరుగును. ఇక్కడి రీతి అతనికి తెలియదు. గుత్తికోయ రోగి సంగతియు ఇట్టిదే. నిప్పు ప్రక్కన నేలపై పండుకొను అలవాటుగలవానిని ఇనుప మంచముపై పండబెట్టుదురు. బంధువులందరు చుట్టు కూర్చుండు అలవాటుగలవానియొద్ద ఒక్కరే యుండవలెనందురు. చెప్పకయే నెత్తురు తీయుదురు. తీసిన నెత్తురు ఎక్కడికి పోవునో అతనికి తెలియదు. తెల్లవారిన తరువాత చూచిన మంచము ఖాళీ. “చెప్పిన వినని మొండివారు, పారిపోవుదురు” అని మనవారందురు. ఏ భాషలో చెప్పితిమి?

అతడు పారిపోయిన ఫలమేమి? మన అడవులలోని మలేరియాలో ఫాల్సిపారం అను రకము కడు క్రూరమైనది. తగిన కాలమున మందు పడనియెడల మెదడునకెక్కి ప్రాణము తీయును. ఈ జ్వరమును దోమలు వ్యాపింపజేయునను సంగతికి ఆధారము, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యునికి దొరకెను. నేడు వ్రేలినుండి ఒక్క బొట్టు నెత్తురు తీసి కొద్ది నిమిషములలో జ్వరపు రకము తెలిసికొనవచ్చును. మందు మూడు దినములు మ్రింగవలెను. మొదటి దినముననే జ్వరము దిగవచ్చును. దిగినదని మిగిలిన మాత్రలు చీరకొంగున ముడివేసికొని అడవికి పోయిన తల్లి బిడ్డను పోగొట్టుకొనవచ్చును. మూడు దినములు, ఏడు మారులు. లెక్క చివరివరకు నిలుపుటయే కష్టము.

నయమానును నిలిపినవారెవరు? అతని దాసులు. వారు గద్దింపలేదు, ఎగతాళి చేయలేదు. తండ్రీ అని పిలిచి, గొప్ప కార్యమేదైనను చెప్పియుండినయెడల చేయకుందువా, ఇంత సులభమైనది చేయరాదా అని నెమ్మదిగా అడిగిరి. సిరియా మాటలో, సిరియా మర్యాదతో అడిగిరి. అతడు దిగి స్నానము చేసెను; పసిపిల్లవాని దేహమువంటి దేహము పొందెను. 1883లో అమెరికానుండి గుంటూరు చేరిన డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు ముందుగా తెలుగు నేర్చుకొనవలసివచ్చెను. 1930లో అచ్చటనే కన్నుమూయువరకు ఆమె తెలుగు స్త్రీల మంచములయొద్ద నిలిచెను. మన తల్లులయొద్దకు వారి మాటతో వచ్చిన పరదేశి వైద్యులను మనము మెచ్చుకొనుచున్నాము. సరిహద్దులు లేని వైద్యులను పేరుగల అంతర్జాతీయ సంస్థవారు 2006 మొదలు ఈ సరిహద్దు అడవులలో సంచార వైద్యశాలలు నడపిరి. దూరదేశములవారు వచ్చిరి. దగ్గరివారమైన మనకు ఎంత దూరము?

మూడవది, గేహజీ చేయి.

స్వస్థుడైన నయమాను కానుక తెచ్చెను. ఎలీషా ఒట్టు పెట్టుకొని నిరాకరించెను. అతని సేవకుడైన గేహజీ వెనుక పరుగెత్తి, అబద్ధమాడి, వెండియు బట్టలును పుచ్చుకొనెను. నయమాను విడిచిన రోగము అతనికి అంటెను. పరదేశి రోగికి ధర తెలియదు. తగవులాడుటకు మాట రాదు. కనుక అతని వెనుక గేహజీలు పరుగెత్తుదురు. ఉచితముగా దొరకు వైద్యమునకు డబ్బడుగువాడు, ఊరక దారి చూపవలసినచోట రుసుము పుచ్చుకొనువాడు, రెండింతల కిరాయి అడుగువాడు, అందరును ఆ వంశమువారే. వారిలో ఆదివారమున మన ప్రక్కన పాటపాడువాడు ఎవడును ఉండకుండును గాక.

మరియొక గేహజీతనమును గూర్చియు చెప్పవలసియున్నది. రోగియొద్దకు పోయి, మా సంఘమున చేరినయెడల సహాయము చేయుదుమనుటయు ధర అడుగుటయే. నయమాను తాను రాజుతోకూడ రిమ్మోను గుడిలో వంగవలసివచ్చునని చెప్పుకొన్నప్పుడు, ఎలీషా అతనితో వాదింపక సమాధానముతో సాగనంపెను. మంచముమీద నున్నవానికి గంజి పోయుము, నీళ్లిమ్ము, అతడు అడిగిన ప్రార్థన చేయుము. దేవుని పని దేవుడు చేసికొనును.

కడపటిది, నజరేతువారి కోపము.

ఎలీషా కాలమున ఇశ్రాయేలులో కుష్ఠరోగులు అనేకులుండగా సిరియనుడొక్కడే శుద్ధుడాయెనని మన ప్రభువు నజరేతులో జ్ఞాపకము చేసెను. వినినవారు ఆగ్రహించి ఆయనను కొండపైనుండి పడద్రోయజూచిరి. మన మంచములు పరదేశులకెందుకు అను కోపము ఆనాటిదే. నేడు మన వైపునను ఆ మాట వినబడుచున్నది. అడవి నరికి పోడు చేయుచున్నారను ఫిర్యాదు కలదు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలపు అడవిలో విధి నిర్వహించుచుండిన అటవీ రేంజి అధికారి గుత్తికోయల చేత హతుడయ్యెను. ఆ కుటుంబపు కన్నీరు నిజమైనది. దానిని తేలికచేయువాడు క్రైస్తవుడు కాడు. దోషికి శిక్ష విధించుట న్యాయస్థానము పని. అయితే ఆ దోషమును పురిటినొప్పులతో డోలీలో వచ్చిన స్త్రీమీద మోపుటకు మనకెవరు అధికారమిచ్చిరి? నయమాను దండువారే ఆ చిన్నదానిని చెరపట్టిరి. ఆమె మాత్రము రోగియందు రోగినే చూచెను.

మన సంఘపు పుట్టుకను తలంచుకొనుడి. దుమ్ముగూడెమున కోయలమధ్య సువార్త పని 1860 దశకములో ఆరంభమాయెను. దానికి మూలపురుషుడు గోదావరి పనులు చూచుచుండిన ఇంగ్లీషు ఇంజనీరు హెయిగు దొరగారు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ మన డోర్నకలు ప్రాంతమునకు పనివారిని పంపెను. వారికిని తెలుగు పరభాషయే. 1912లో డోర్నకలు బిషపుగా అభిషేకము పొందిన అజరయ్యగారును తమిళులే. పరదేశులు రాకయుండినయెడల ఈ పత్రికయు లేదు, చదువు మనమును లేము.

కాబట్టి ఈ మాసమున ప్రతి సంఘము ఈ కొద్దిపాటి పని చేయవలెనని ప్రేమతో హెచ్చరించుచున్నాము. కోయభాష తెలిసినవారు, ఆసుపత్రి అధికారుల అనుమతితో, వారమున ఒక్క పూటయైనను వార్డులో కూర్చుండుడి. డాక్టరు మాట రోగికిని, రోగి మాట డాక్టరునకును చేర్చుడి. నెత్తురు తీయుటెందుకో చెప్పుడి. మాత్రలు మూడు దినములు అయిపోవువరకు లెక్క చూడుడి. స్త్రీలు తోడుగా వచ్చిన బంధువులకు అన్నము వండుకొను చోటు చూపుడి. యౌవనులు రక్తనిధిలో నెత్తురిచ్చుటకు పేర్లు వ్రాయించుకొనుడి. రోగి మరణించినయెడల శవమును అడవిలోని ఊరికి చేర్చుటకు వాహనము దొరకువరకు ఆ బంధువులను ఒంటరిగా విడువకుడి. దీనికి పెద్ద నిధి అక్కరలేదు. చిన్నదాని మాటయు, దాసుల నెమ్మదియు, ఎలీషా వట్టిచేయియు చాలును.

ప్రార్థన: పరదేశులను ప్రేమించు తండ్రీ, మా భాష తెలియనివారి మూలుగు నీకు తెలియును. వారిని చూచి మేము ముఖము త్రిప్పుకొనకుండ కాపాడుము. దూరదేశములలో జబ్బుపడిన మా బిడ్డలయొద్ద ఎవరినైనను నిలుపుము. ఇక్కడ జబ్బుపడిన ఇతరుల బిడ్డలయొద్ద మమ్మును నిలుపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.