ఎదురెదురు బస్సులు

పాతపట్నం దాటి లోపలికి పోతే ఒక ఊరు. 2022లో జీవో 117 వచ్చి 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపేసింది. దూరం కిలోమీటరు లోపే అని కాగితం చెప్పింది గాని, మధ్యలో ఉన్న గెడ్డ సంగతి చెప్పలేదు. ఎస్సీ పేట పిల్లలూ సవర గూడ పిల్లలూ ఇబ్బంది పడుతున్నారని ఊరి నాయకుడు సొంత డబ్బుతో బస్సు పెట్టాడు. దానికో సభ, సభకో ఉపన్యాసం కావాలి కదా. రిటైరైన తెలుగు మాస్టారికి కబురెళ్లింది.

"మాస్టారూ, గిడుగు వారి పేరు పడాల. అమెరికా నల్లపిల్లల బస్సుల కథ కూడా పడాల."

మాస్టారు రాశాడు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ వేరు బడులు చెల్లవని 1954లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పడం, పిల్లల్ని కలపడానికి బస్సులు నడపొచ్చని 1971లో ఒప్పుకోవడం. సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి. చివర్న, "ఇక మన పిల్లలందరూ ఒకే బెంచీ మీద" అని.

సభకి ముందురోజు అదే బస్సెక్కి చూశాడు. గెడ్డ మలుపులో టెక్కలి కాన్వెంటు పసుప్పచ్చ బస్సు ఎదురొచ్చింది. దారి ఇరుకు. పేట పిల్లల బస్సే వెనక్కి తగ్గింది. అవతలి బస్సు నిండా టైలూ బెల్టులూ. కిటికీలోంచి నాయకుడి మనవడు చెయ్యూపాడు. హైస్కూల్లో చూస్తే ఊరి వీధి పిల్లలు ఇద్దరో ముగ్గురో.

"ఊరోళ్ల పిల్లలా? అందరూ ఆ బస్సే కదండీ," అంది టీచరమ్మ.

ఆ రాత్రి మాస్టారు బెంచీ మాట కొట్టేసి, "రేపట్నుంచి నా మనవడూ ఈ బస్సే ఎక్కుతాడు" అని రాశాడు.

నాయకుడు చదివి, "ఇదేటండి?" అన్నాడు.

"మిగతాదంతా చదవడం తేలికే బాబూ."

సభలో నాయకుడు ఆ ఒక్క వాక్యం తీసేసి మిగతాదంతా చక్కగా చదివాడు. చప్పట్లు బాగానే పడ్డాయి.

నీతి: బడిలో కులాలు కలవాలని ఉపన్యాసం రాయించుకునేవాళ్లు తమ ఇంటి పిల్లలు ఏ బస్సెక్కుతున్నారో ముందు చూసుకోవాలి. గిడుగు వారు తామే సవరల దగ్గరికి నడిచారు. ఆయన పేరు వాడుకునేవాళ్లు ఆ నడకని వాడుకోరు. అమెరికాలోనూ తెల్లవాళ్లు చాలామంది శివార్లకీ ప్రైవేటు బడులకీ తరలిపోయారు, దూరాభారం ఎక్కువగా నల్లపిల్లలకే మిగిలింది. జీవో 117ని 2025లో రద్దు చేశారు. పసుప్పచ్చ బస్సు మాత్రం ఏ జీవోతోనూ రాలేదు, ఏ జీవో రద్దయినా ఆగదు.