ఉపశమనానికి ప్రమాణం ఏది?

బాధపడే మనిషి తన బాధను గురించి చెప్పే మాటకూ, ఆ బాధ దేనివల్ల తగ్గిందో చెప్పే మాటకూ ప్రమాణబలం ఒక్కటేనా అన్న ప్రశ్న తత్త్వశాస్త్రంలో పాతదే అయినా, నెలసరికి ముందు కలిగే ఇబ్బందులకు వాడే మొక్కల నూనెల విషయంలో అది ఇప్పటికీ తేలవలసిన ప్రశ్నగానే నిలిచింది. బహిష్టుకు కొన్ని రోజుల ముందు మొదలై, బహిష్టు వచ్చాక సద్దుమణిగే చిరాకు, దిగులు, రొమ్ముల సలపరం, పొట్ట ఉబ్బరం వంటి లక్షణాల సముదాయాన్ని వైద్యులు ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ అంటారు. దీనికి ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే ఉత్తర అమెరికా మొక్క గింజల నూనెను గుళికల రూపంలో దశాబ్దాలుగా వాడుతున్నారు. ఆ నూనెలోని గామా లినోలెనిక్ ఆమ్లం నుంచి శరీరం ప్రోస్టాగ్లాండిన్ ఇ1 అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది కనుక, ఆ పదార్థం కొరవడిన స్త్రీల శరీరం ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌కు అతిగా స్పందిస్తుందనీ, నూనె ఆ కొరతను తీరుస్తుందనీ పరిశోధకులు ఊహించారు.

ఇటువంటి ఊహను తూచడానికి భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం పనికొస్తుంది. అది ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగింటిని ప్రమాణాలుగా, అంటే యథార్థజ్ఞానానికి సాధనాలుగా అంగీకరిస్తుంది. సుఖదుఃఖాలు మనస్సుకు ప్రత్యక్షంగా తెలిసేవి కనుక, స్త్రీ తనకు నొప్పిగా ఉందన్నప్పుడు ఆ మాటకు మరొకరి సాక్ష్యం అక్కరలేదు. నూనె వాడినందువల్ల నొప్పి తగ్గిందనడం మాత్రం అనుమానం, అంటే ఒకదాన్నిబట్టి మరొకదాన్ని ఊహించి తెలుసుకోవడం. దానికి వ్యాప్తి, అంటే హేతువుకూ (ఆధారమైన గుర్తుకూ) సాధ్యానికీ (నిరూపించవలసినదానికీ) తప్పని సాహచర్యం, ఆధారంగా ఉండాలి. నిప్పు ఉన్నంతమాత్రాన పొగ ఉందని ఊహించరాదనీ, పొగకు తడి కట్టెల సంయోగం కూడా కావాలనీ, ఇలా చాటున ఉండి అనుమానాన్ని చెడగొట్టే షరతును ఉపాధి అంటారనీ తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వివరించాడు.

నెలసరి బాధల విషయంలో ఇటువంటి ఉపాధులు అనేకం. లక్షణాలు నెలనెలా హెచ్చుతగ్గులకు లోనవుతాయి. మిక్కిలి బాధపడిన నెలలోనే మందు మొదలుపెడతారు కనుక, ఆ తరువాతి నెల ఏ మందూ లేకున్నా కొంత తేలికగా గడవవచ్చు. నయమవుతుందన్న ఆశ కూడా నిజమైన ఉపశమనాన్ని ఇస్తుంది. వీటిని వేరుచేయడానికే కొందరికి మందునూ, కొందరికి చూడటానికి అచ్చం మందులాగే ఉండే ప్లాసిబో గుళికనూ, ఎవరికి ఏది అందిందో తెలియకుండా ఇస్తారు. ఆస్ట్రేలియాలో 38 మంది స్త్రీలపై జరిగి, 1990లో వెలువడిన అధ్యయనంలో నూనె వాడినప్పుడూ ప్లాసిబో వాడినప్పుడూ బాధ తగ్గింది గాని, రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంతవరకు జరిగిన ప్రయోగాలను 1996లో సమీక్షించిన పరిశోధకులు, వాటిలో పకడ్బందీగా నడిచిన రెండింటిలోనూ నూనెకు ప్రయోజనం కనిపించలేదనీ, అయితే పాల్గొన్నవారు కొద్దిమందే కనుక స్వల్పప్రభావాన్ని పూర్తిగా కొట్టిపారేయలేమనీ తేల్చారు. 2011లో వెలువడిన బ్రెజిల్ అధ్యయనంలో 120 మంది స్త్రీలకు ఆరు నెలలు గుళికలు ఇవ్వగా, కొవ్వు ఆమ్లాలు అందినవారికి మేలు కలిగింది; కాని ఆ గుళికలో పలు కొవ్వు ఆమ్లాలతోపాటు విటమిన్ ఇ కూడా ఉన్నందున, ఆ మేలును ఏ ఒక్క నూనెకో ఆపాదించడానికి వీలులేదు.

వైద్యంలో ఎన్నడూ తప్పని వ్యాప్తి దొరకదన్నది నిజమే. అక్కడ కోరేది, మందు లేనివారికంటే ఉన్నవారిలో స్పష్టంగా, పదేపదే కనబడే తేడా మాత్రమే. ఈ నూనె విషయంలో ఆ తేడా ఇంకా స్థిరపడలేదు. ఇక్కడ రెండు అన్యాయాలకు తావుంది: మందు రుజువు కాలేదు గనుక బాధే కల్పితమనడం ఒకటి, బాధ నిజం గనుక మందూ నిజమేనని అమ్మడం రెండవది. మొదటిది ప్రత్యక్షాన్ని నిరాకరిస్తుంది, రెండవది అనుమానానికి ప్రత్యక్షపు వేషం తొడుగుతుంది. శబ్దప్రమాణానికి, అంటే నమ్మదగిన మాటకు, మూలమైన ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడు కనుక, స్త్రీ బాధను సంశయం లేకుండా నమ్ముతూనే, నూనె గుణం ఇంకా రుజువు కాలేదని ఆమెకు దాచకుండా చెప్పే వైద్యుడే ఆ పేరుకు తగినవాడు.