సుద్ద పూసిన తెలుపు

మా మొగల్తూరులో నాలుగు చినుకులు పడ్డాయంటే ఒండ్రుమట్టి కాలిని ఓ పట్టాన వదలదు. సెలవులకొచ్చిన మనవడు కొత్త తెల్లతోలు బూట్లతో చేనుగట్టు మీదకెళ్ళి, బురదతో తిరిగొచ్చాడు.

"మామ్మా, తెల్ల పాలిష్ ఉందా?" అన్నాడు.

వాళ్ళ నాన్న చదువుకునే రోజులు గుర్తొచ్చాయి. 1985 ప్రాంతంలో శనివారమైతే తెల్ల కాన్వాసు బూట్లే వెయ్యాలి. ఉతికే తీరిక లేక, మరకల మీద సుద్ద పూసి పంపేసేదాన్ని. మధ్యాహ్నానికల్లా సుద్ద రాలిపోయేది. వాడి మార్కులు తగ్గినప్పుడూ అంతే. ఆయనకు తెలియకుండా కప్పిపెట్టేదాన్ని. అదే ప్రేమనుకున్నాను. పరీక్ష తప్పాక గానీ అందరికీ తెలియలేదు.

"పాలిష్ వద్దురా" అన్నాను. తాళ్ళు విప్పించి, ఎండిన మట్టి మెత్తని బ్రష్షుతో దులిపించి, తడిగుడ్డకి కాస్త సబ్బు రాసి వాడిచేతే తుడిపించాను. తోలు మీది తెలుపు పైపూతే కదా, గట్టిగా తోమితే అదీ లేచిపోతుంది. ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది. నీడనే ఆరాలి.

పిల్లల తప్పులూ అంతేనేమో! కప్పితే మరక ఉండిపోతుంది. కోపంతో తోమితే మనసు గీసుకుపోతుంది. ఏనాటి మరక ఆనాడే, వాళ్ళచేతే, నెమ్మదిగా తుడిపించాలి. ఆ ఓపిక నాకు మనవడి నాటికి గానీ రాలేదు!