ప్రాణం నిలిపే మందు, గుండెకు చేసే హాని: ఒక ధర్మవిచారం

క్యాన్సర్‌ను నయం చేసే చికిత్సే కొందరిలో గుండెను దెబ్బతీస్తుంది. దీని నుంచి రెండు ధర్మసందేహాలు పుడతాయి. ప్రాణం నిలపడానికి, తెలిసి తెలిసి ఆ ప్రాణికే హాని కలిగే మందు ఇవ్వవచ్చునా? హాని జరిగితే దాన్ని కర్మఫలమని సరిపెట్టుకోవాలా?

డాక్సోరూబిసిన్ ఇందుకు ముఖ్య ఉదాహరణ. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఇటలీ శాస్త్రజ్ఞులు 1960లలో తీసిన ఈ మందును రొమ్ము క్యాన్సర్, లింఫోమా వంటి జబ్బుల్లో వాడతారు. రంగు ఎరుపు, ఎక్కించిన తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రమూ ఎర్రగా వస్తుంది. అది భయపడవలసిన విషయం కాదు. అసలు ప్రమాదం మొత్తం మోతాదులో ఉంది. 2003లో వెలువడిన ఒక విశ్లేషణలో, శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 400 మిల్లీగ్రాములు చేరేసరికి సుమారు 5 శాతం మందికి, 550 చేరేసరికి 26 శాతం మందికి గుండె బలహీనపడింది. ట్రాస్టుజుమాబ్ అనే మరో క్యాన్సర్ మందు వల్ల తగ్గిన గుండె బలం, మందు ఆపితే చాలామందిలో తిరిగి వస్తుంది. ఎడమ రొమ్ముకు ‘కరెంటు’ పెట్టినప్పుడు గుండెకు తగిలిన రేడియేషన్, ఏళ్ల తర్వాత రక్తనాళాలు పూడుకుపోవడానికి దారితీయవచ్చు.

మొదటి సందేహానికి మన వైద్యశాస్త్రం ఏనాడో సమాధానం వెతికింది. తీక్ష్ణమైన విషమైనా యుక్తితో వాడితే ఔషధమవుతుందని, యుక్తి తప్పితే ఔషధమే విషమవుతుందని చరక సంహిత సూత్రస్థానం తొలి అధ్యాయంలోనే చెప్పింది. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్, ఒకే పనికి ఉద్దేశించిన ఫలం, ఉద్దేశించని ఫలం రెండూ ఉండవచ్చని విడదీసి చూపాడు. అయితే ఉద్దేశం మంచిదైతే చాలదు. హాని ముందే తెలిసినప్పుడు దాన్ని తగ్గించే బాధ్యత కూడా వైద్యుడి మీద పడుతుంది. అంతే మేలు చేసే మెత్తని మార్గం ఉందేమో చూడాలి. సంగతి రోగికి చెప్పాలి. జబ్బు పేరే చెప్పకుండా రోగి దగ్గర దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రేమతోనే దాస్తారు, కానీ ఏ మందు పడిందో తెలియని మనిషి తన ఆయాసాన్ని నీరసమనుకుని ఊరుకుంటాడు.

రెండో సందేహం రాయలసీమలో మరింత బలమైనది. బ్రహ్మంగారి మఠానికి, మంత్రాలయానికి, కడప అమీన్‌పీర్ దర్గాకు మొక్కుకునే నేల ఇది. మొక్కు ధైర్యమిస్తుంది. ‘నా ఖర్మ’ అని చేతులు ముడుచుకోవడాన్ని మాత్రం ఈ సంప్రదాయాలు మెచ్చలేదు. యోగవాసిష్ఠం పురుషప్రయత్నాన్నే ప్రధానం చేసింది. ఇస్లాం వైద్యం చేయించుకోమంటుంది, జబ్బుతో ఉన్నవారికి రంజాన్ ఉపవాసం నుంచి సడలింపు ఇస్తుంది. డాక్సోరూబిసిన్ కుటుంబానికి చెందిన మందులు తీసుకున్న 2,625 మందిని గమనించి మిలాన్ వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రయత్నం విలువను చూపిస్తుంది. వారిలో 9 శాతం మందికి గుండె దెబ్బతింది. ఆ కేసులు దాదాపు అన్నీ తొలి ఏడాదిలోనే బయటపడ్డాయి. వెంటనే గుండె మందులు మొదలుపెడితే 82 శాతం మంది కోలుకున్నారు. అయితే పూర్వస్థితికి పూర్తిగా చేరినవారు 11 శాతమే. అందుకే ముందుచూపు అవసరం.

ఆ ప్రయత్నం చికిత్సకు ముందే మొదలవుతుంది. బీపీ, షుగర్ అదుపు చేసి, ఈసీజీ, ఎకో తీయించాలి. ఎకోలో కనిపించే గుండె పంపింగ్ శాతం చికిత్స మధ్యలో 10 పాయింట్లకు మించి తగ్గి 50 లోపుకు వస్తే హెచ్చరికగా తీసుకోవాలి. ప్రమాదం ఎక్కువున్నవారికి డెక్స్‌రజోక్సేన్ వంటి రక్షణ మందు ఉంది. బలం తగ్గినవారికి ఏసీఈ ఇన్హిబిటర్లు, బీటా బ్లాకర్లు ఇస్తారు. కీమో ఆపాలా, కొనసాగించాలా అన్నది క్యాన్సర్ వైద్యుడు, గుండె వైద్యుడు కలిసి తేల్చాలి; రోగి సొంతంగా మానకూడదు. చికిత్స ముగిసిన ఏడాదిలోపు మరోసారి ఎకో చేయించుకోవాలి.

ఇంట్లో గమనించాల్సినవి: నాలుగడుగులకే ఆయాసం, రాత్రి రెండో దిండు లేనిదే ఊపిరి ఆడకపోవడం, పాదం మీద బొటనవేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోవడం. కీమో నడుస్తుండగా గుండెల్లో నొప్పి వస్తే క్షణం ఆగకూడదు. గుండె బలం తగ్గినవారు ఉప్పు, ఊరగాయ తగ్గించాలి. కర్నూలు, కడప ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో, నీరు తీసే మాత్రలు వాడేవారు ఎంత నీళ్లు తాగాలో వైద్యుణ్ణి అడగాలి. ఏకాదశి అయినా రోజా అయినా, ఉపవాసానికి ముందు ఆయన మాట తీసుకోవాలి.

ఆదోని నుంచో, జమ్మలమడుగు నుంచో పెద్దాసుపత్రికి రావడమంటే ఒక రోజు కూలి పోయినట్టే. కీమోకు వచ్చిన రోజే ఎకో కూడా అయ్యేలా చూడటం ఆసుపత్రి ధర్మం. వాడిన మందు పేరు, మొత్తం మోతాదు రాసిన కాగితాన్ని రోగి జీవితాంతం భద్రపరచుకోవాలి. ఇక ముందు ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లినా ముందుగా దాన్నే చూపాలి.