ముందుగాల తుడువు, తర్వాతనే నూనె

కొడుకా,

సల్మాబాద్ క్యాంపుల పాత సైకిల్ కొన్నవని మీ అమ్మ చెప్పింది. మంచిపని చేసినవ్. కని అది బహ్రెయిన్, మన జగిత్యాల కాదు. అక్కడ ఏడాదంత కలిపినా సగటున 80 మిల్లీమీటర్ల వాన పడదు. అయినా చైను తుప్పు పడ్తది. సుట్టు సముద్రమాయె, గాలిలనే ఉప్పు. ఎండకాలం తెల్లారుగట్ల సీటు మీద చెయ్యి పెడితే తడి తగుల్తది సూడు, చైను మీద గూడ అదే తడి. వాన లేదని ఊకోకు.

సైకిల్ గోడకు ఆనిచ్చేటప్పుడు ఓపారి తల ఎత్తి సూడు. పైన ఏసీ డబ్బా ఉంటే రాత్రంత సుక్కసుక్క చైను మీదనే పడ్తది. నేను ఆడ ఉన్నప్పుడు నాకు రెండేండ్లకు గని సమజ్ కాలే!

నవంబర్ నుంచి ఏప్రిల్ దాక ఎప్పుడో ఓనాడు దంచి కొడ్తది. నీళ్ళు పోయే తొవ్వ లేక రోడ్ల మీదనే నిలుస్తయి. 2024 ఏప్రిల్ల గట్లనే అయింది. ఆ నీళ్ళల్ల తొక్కుకుంట వచ్చి, సైకిల్ ఆడ పడేసి పండుకున్న. రెండు రోజులు ముట్టలే. మూడోనాడు నాలుగింటికి పెడల్ మీద కాలేస్తే చైను కర్ర లెక్క బిగుసుకున్నది. పనికి నడిచి పోయెటాల్లకు ఒక పూట కూలి పోయింది.

తడిసిననాడే పాత బనీను గుడ్డతోని చైను పట్టుకొని పెడల్ ఎనక్కి తిప్పు, గుడ్డకు నలుపు అంటుడు తగ్గేదాక. ఇసుక మీదనే నూనె పోస్తే రెండు కలిసి సానరాయి లెక్క పళ్ళను అరగదీస్తయి. మనోళ్ళకు తుడుసుడు తక్కువ, పోసుడు ఎక్కువ. నూనె కావాల్సింది పైన కాదు, రోలర్ల సందుల. ఒక్కో రోలరుకు ఒక్క సుక్క. పది నిమిషాలు ఆగి, పైన ఉన్న జిడ్డు మళ్ళ తుడువు. రిమ్ముకు అంటనియ్యకు, బ్రేకు పట్టది.

వంటనూనె వద్దు, బంక అయితది. ఇంజన్ల నుంచి తీసిన నల్ల ఆయిల్‌ల ఇనుప పొడి ఉంటది. కుట్టుమిషన్ నూనె ఒక్క వానకే కొట్టుకపోతది. దుకాణంల తడికి ఆగే చైన్ ఆయిలే అడుగు. అందరు కొట్టే డబ్ల్యూడీ-40 ఉన్నది సూడు, అది 1953ల అమెరికాల నీళ్ళను ఎళ్ళగొట్టెటందుకు చేసిన మందు. 40వ సారికి కుదిరిందని ఆ పేరు. తడి చైను మీద కొట్టి తుడువు, మంచిదే. కని నూనె పని అది చెయ్యది.

నువ్వు షట్టరింగ్ కార్పెంటర్‌వి, టేపు జేబులనే ఉంటది. చైను సాగిందో లేదో దానితోని కొలువు. సున్నా ఒక పిన్ను నడిమిట్ల పెట్టు. 12 అంగుళాల కాడ ఇంకో పిన్ను నడిమి రావాలె. అర నూలు జరిగితే చైను మార్చు. నూలు మొత్తం జరిగేదాక ఆగితే ఫ్రీవీల్ గూడ పోతది, ఖర్సు డబుల్.

శుక్రారం వీడియో కాల్ చేసినప్పుడు నీ మొఖం తర్వాత, ముందుగాల చైను సూపెట్టు.

మీ పెద్దనాయన